తొంభై తొమ్మిదింటిని ఎవరు చూశారు

పరిచర్యకు కొత్తగా బయలుదేరుతున్న మన సంఘం పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతారు. "తాతా, సర్కారు ఉద్యోగం చేసుకుంటానే అన్నేళ్లు సువార్త చెప్పినారంట గదా. మీ వల్ల ఎంతమంది ప్రభువు దగ్గరికి వచ్చినారు?"

నేను వెంటనే జవాబు చెప్పను. వాళ్లు దాన్ని తగ్గింపు స్వభావం అనుకుంటారు. తగ్గింపూ లేదు, పాడూ లేదు. నాకు తెలియదు, అంతే. నలుగురి విషయం తెలుసు. వాళ్లకు బాప్తిస్మం జరిగింది, సంఘం పుస్తకంలో పేర్లున్నాయి. ఐదో మనిషిని ఎక్కడ రాయాలో ఇన్నేళ్లయినా తేలలేదు. ఆయన సంగతి ఇక్కడ రాస్తున్నాను. చదివిన తరువాత మీకేమైనా తోస్తే నాకు చెప్పండి.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాను. డెబ్భైల మధ్యలో నన్ను ఉదయగిరికి వేశారు. ఇంకా మండలాలు రాలేదు, తాలూకాలే. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వేపచెట్టు, పశువును కట్టి నిలబెట్టే నాలుగు కర్రల చట్రం. ఒక డాక్టరు, నేను, ఒక అటెండరు. ఊళ్లోకి వచ్చే పశువులను డాక్టరు చూసేవారు. కొండ కింద పల్లెల్లో మందలకు టీకాలు వేసే పని నాది. సైకిలు మీద తిరిగేవాణ్ణి.

మా నాయన పల్లెల్లో సువార్త చెప్పేవాడు. వీధి మధ్యలో నిలబడి, కంజిర వాయించి, గొంతెత్తి చెప్పేవాడు. ఆయన వెనకాల నడుస్తూ నేను చిన్నప్పుడు చూసినవి మూసుకుపోయే తలుపులే. ఆయన విశ్వాసంలో లోపం లేదు. కానీ ఉద్యోగంలో చేరేటప్పుడు నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు పశువు. తరువాత ఆ పశువు తాలూకు మనిషి, వాళ్ల ఇంటి మంచిచెడ్డలు. సూదులన్నీ అయ్యి, సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే ప్రభువు మాట, అదీ ఎవరైనా అడిగితేనే. అడగకపోతే సైకిలెక్కి వచ్చేసేవాణ్ణి. మళ్లీ ఆరు నెలలకు వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. దేవునికి తొందర లేదు, నాకెందుకు అనుకునేవాణ్ణి. అప్పట్లో నా ఓర్పు మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ గొర్రెల కాపరి నాకంటే పదేళ్లు పెద్ద. సన్నగా, కొండరాయి రంగులో ఉండేవాడు. కొండ కింద ముళ్లకంప దొడ్లు మూడు పక్కపక్కనే ఉండేవి. ఒకటి ఈయనది, ఒకటి ఆయన అన్నది, ఇంకొకటి ఆయన బావమరిదిది. ఈయన మందలో వందకు అటూ ఇటూగా గొర్రెలు. మొదటి ఏడాది ఆయన నాతో మాట్లాడిన మాటలు రెండు మూడే. నీళ్లు అడిగితే ఆయన భార్య చెంబు ఎత్తి నా దోసిట్లో పోసేది. మేము ఏ పేట వాళ్లమో వాళ్లకు తెలుసు. నేను తాగి, మూతి తుడుచుకుని, పని చేసుకుని వచ్చేవాణ్ణి.

రెండో ఏడాది ఆయనే అడిగాడు. "కాంపౌండరా, ఆ జోబీలో పుస్తకం ఏంది? రోగాల పుస్తకమా?"

"కాదన్నా. దేవుని వాక్యం."

"గొర్రెల సంగతి ఉండాదా అందులో?"

 గొర్రెల కాపరి గొర్రెల గురించి అడుగుతున్నాడు. ఇంతకంటే తెరిచిన తలుపు ఉంటుందా? నూరు గొర్రెలున్న మనిషి కథ చెప్పాను. ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదింటిని అడవిలో విడిచిపెట్టి, ఆ ఒక్కదాని కోసం వెతుక్కుంటూ పోయి, దొరికినప్పుడు భుజాల మీద వేసుకుని సంతోషంగా వచ్చాడని చెప్పాను. చెబుతుంటే నాకే కళ్లు చెమ్మగిల్లాయి.

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి అంతా విన్నాడు. "తొంభై తొమ్మిదింటిని ఎవురికి అప్పజెప్పినాడు?"

"అది రాయలేదన్నా."

"ఊరికే వదిలి పొయినాడా?"

"అవును."

"అట్టయితే వాడు గొర్రెలు మేపినోడు గాదులే" అన్నాడు ఆయన. "వాడు తిరిగొచ్చేలోగా ఇంకో పది పొయ్యుంటాయి. తోడేలుకు లెక్కలు వచ్చా?"

ఆయన భార్య పాల చెంబుతో దొడ్లోంచి వస్తూ నవ్వింది. "నీకూ పనిలేదు, ఆయనకూ పనిలేదు. లేని గొర్రెల కోసం కొట్టుకుంటా ఉండారు."

నేను నెలకొకసారి మందుల కోసం ఆత్మకూరు వెళ్లేవాణ్ణి. సంఘ కూడిక కూడా అక్కడే. పాస్టరుగారిని అడిగాను. ఆయన, "అది ఉపమానమయ్యా. ఒక్క ఆత్మ మీద దేవునికి ఎంత ప్రేమో చెప్పడానికి" అన్నారు. అదే మాట పట్టుకెళ్లి కాపరికి చెప్పాను. "ప్రేమ సరే, మేత ఎవురు చూసినారు?" అన్నాడు. నాలుగేళ్లు ఇదే వాదన. నేను వెళ్లిన ప్రతిసారీ సూదులు అయిపోయి చేతులు కడుక్కుంటుంటే ఆయనే మొదలుపెట్టేవాడు. "ఏం కాంపౌండరా, తేలిందా? కాపలా ఎవురు?"

తేలలేదు. వాక్యం మీద పట్టు ఉందనుకునేవాణ్ణి నేను. సండే స్కూలు నుంచి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి. ఒక్క ప్రశ్నకు నోరు మూతపడిపోయింది. అయినా ఆయన వింటున్నాడు, అదే చాలనుకున్నాను. నీళ్ల చెంబు ఎప్పుడో నా చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. ఎప్పటి నుంచో నేను గమనించనే లేదు.

ఆత్మకూరు కూడికలో ఒకసారి సాక్ష్యం చెబుతూ, ఉదయగిరి కొండ కింద ఒక ఆత్మ దగ్గరికి వస్తోందని అన్నాను. అనకుండా ఉండాల్సింది. సంఘమంతా ఆ పేరు తెలియని మనిషి కోసం ప్రార్థన మొదలుపెట్టింది. వెళ్లిన ప్రతిసారీ, "ఎంతవరకు వచ్చాడు?" అని అడిగేవారు, కాన్పుకు దగ్గరపడిన ఆవు గురించి అడిగినట్టు. స్త్రీల సమాజం వారు బాప్తిస్మానికని తెల్ల పంచె కొని పాస్టరుగారి ఇంట్లో పెట్టారు. సంగం ఊరి దగ్గర పెన్నా నదిలో బాప్తిస్మం ఇప్పిద్దామని పాస్టరుగారు స్థలం కూడా అనుకున్నారు.

ఇక ఆ రోజు సంగతి.

రోహిణి కార్తె. తొలకరి ముందు గొర్రెలకు చిటుక రోగం టీకా వేయాలి. వానలకు పచ్చిక మొలిస్తే, ఆశగా మేసిన గొర్రె చిటికె వేసినంతలో పడి చచ్చిపోతుంది. అందుకే ఆ పేరు. టీకా మందు చల్లగా ఉండాలి. ఉదయగిరిలో ఐసు దొరికేది కాదు. ఆత్మకూరు నుంచి పొద్దుటి బస్సులో, రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ గోనెసంచిలో వచ్చేది. దాన్ని పగలగొట్టి పెద్ద మూతి ఫ్లాస్కులో వేసి, మధ్యలో మందు సీసాలు పెట్టి, సైకిలు క్యారియర్‌కు కట్టుకుని బయలుదేరాను. మూడు మందలకు సరిపడా మందు.

దొడ్డి దగ్గరకు చేరేసరికి కాపరి కంప తీసి నిలబడి ఉన్నాడు. నేను సిరంజి బయటికి తీయబోతుంటే, "ఒక మాట అడగాల. ముందు అది చెప్పు, తరవాత సూదులు" అన్నాడు.

"అడుగన్నా."

"నీ దేవుడు పొట్టేలు అడగడంటివే, పోయినసారి. నిజమేనా?"

"నిజమే. ఆయనే మన కోసం గొర్రెపిల్ల అయ్యాడు."

ఆయన నా వంక తేరిపార చూశాడు. "ముందేమో కాపరి అంటివి. ఇప్పుడు గొర్రెపిల్ల అంటివి. ఏదో ఒకటి చెప్పబ్బా. రెండూ ఒకడే ఎట్టా అవుతాడు?"

సైకిలు కంపకు ఆనించి, అక్కడున్న రాతి నీడలో కూర్చున్నాను. ఫ్లాస్కు మీద కూడా నీడ ఉంది, చూసుకున్నాను. పుస్తకం తెరిచాను. అన్నేళ్లలో సూదికి ముందు పుస్తకం తెరవడం అదే మొదటిసారి. కానీ ఆయన అడిగాడే! ఆకలి మీదున్న మనిషికి ఆగు, ముందు గొర్రెలు అని చెబుతామా? కాపరే గొర్రెపిల్లగా ఎట్లా అయ్యాడో చెప్పాను. చెబుతుంటే సగం నాకే కొత్తగా ఉంది. ఆయన మధ్యమధ్య ఆపి అడుగుతున్నాడు. ఆయన భార్య కూడా వచ్చి కూర్చుంది. ఈసారి ఆమె నవ్వలేదు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. చివరికి ఆయన పైకి లేచి అన్నాడు, "ఈ ఏడు గంగమ్మకు నా తట్టు పొట్టేలు ఇయ్యను. చూస్తా, ఏమైతాదో."

ప్రతి ఏడూ తొలకరి ముందు మూడు మందల వాళ్లూ కలిసి గంగమ్మకు పొట్టేళ్లు ఇచ్చేవారు. ఇవ్వొద్దని నేను అనలేదు. ఇవ్వమనీ అనలేదు. సంతోషపడ్డాను, భయపడ్డాను. ఏది ముందో చెప్పలేను.

లేచి సైకిలు దగ్గరికి వెళ్లేసరికి నీడ ఎప్పుడో జరిగిపోయింది. ఫ్లాస్కు ఎండలో ఉంది. మూత తీస్తే ఐసు లేదు. నీళ్లు, అవీ గోరువెచ్చగా. సీసా చేతికి వెచ్చగా తగిలింది.

మళ్లీ మందు రావాలంటే నెల. ఈలోగా వాన పడితే? కొంచెం వెచ్చబడితే ఏమౌతుందిలే అనుకున్నాను. ఇంత మంచి రోజున ప్రభువు ఆ మాత్రం కాపాడడా అని కూడా అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. మూడు మందలకూ అదే మందు వేశాను. ఆసుపత్రికి వచ్చి రిజిస్టరులో "మూడు మందలు, పూర్తి" అని రాసి సంతకం చేశాను.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. కొండంతా పచ్చబడింది. మొదటి వారంలోనే కబురు వచ్చింది. నేను వెళ్లేసరికి కాపరి దొడ్లో నిగనిగలాడే గొర్రెపిల్లలు కాళ్లు చాచి పడి ఉన్నాయి. ఆయన వాటిని ఒక్కొక్కటే ఎత్తి కంప అవతల పెడుతున్నాడు. నా వంక చూసి, "సూది వేసినాక గూడా పోతా ఉండాయే, ఏంది కాంపౌండరా?" అని మాత్రం అడిగాడు. "ఈసారి రోగం గట్టిగా ఉన్నట్టుంది" అన్నాను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

నెల తిరిగేసరికి ఆయనకు ఇరవై దాకా పోయాయి. అన్న మందలో అంతకు మించి పోయాయి. బావమరిది మందలోనూ పోయాయి. మిగతా పల్లెల్లో ఎక్కడా ఇంత లేదు.

డాక్టరుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, "ఆ మందు అంత సున్నితమేమీ కాదు. చెడి ఉండొచ్చు, చెడకపోయి ఉండొచ్చు. ఎవడు చెప్పగలడు? నువ్వు మాత్రం నోరు తెరవొద్దు" అన్నారు. ఆత్మకూరు వెళ్లి పాస్టరుగారికి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని, "ఒప్పుకోవాలి, నిజమే. కానీ ఇప్పుడే చెబితే ఆ మనిషి విశ్వాసం మొలకలోనే పోతుంది. కొంచెం ఓర్చుకో. సమయం ప్రభువు చూపిస్తాడు" అన్నారు. ఓర్పు! నేను అందరికీ చెప్పిన మాటే. ఎంత సుఖంగా ఉందో వినడానికి. నేను ఓర్చుకున్నాను.

నేను ఓర్చుకుంటుంటే అక్కడ నింద కాపరి మీద పడింది. ఈ సంగతి వారం ఆలస్యంగా తెలిసింది. ఆయన గంగమ్మకు పొట్టేలు ఇవ్వకపోవడం వల్లే మూడు మందలకూ కీడు తగిలిందని కాపరి అన్న తేల్చాడు. ఇకమీదట ఈయన మందను తమ మందలతో పాటు కొండ మీదికి తోలనివ్వబోమని, నీళ్ల గుంట దగ్గరికి రానివ్వబోమని అన్నారు. కొండ కింద ఒంటరి మంద అంటే ఏడాది నిలవదు. పెద్దలు కూర్చుంటున్నారని, నన్ను కూడా రమ్మన్నారని అటెండరు చెప్పాడు.

పొద్దున తొమ్మిది గంటల వేళ. మూడు దొడ్ల మధ్య ఖాళీ జాగాలో పదిహేను మంది కూర్చున్నారు. కాపరి ఒక పక్క గొంతుకూర్చుని ఉన్నాడు. అన్న నిలబడి ఉన్నాడు.

"చూడు కాంపౌండరా" అన్నాడు అన్న. "నీ దేవుడితో మాకు పంచాయతీ లేదు. ఒక్కటే అడుగుతా. నువ్వేసిన మందు మంచిదేనా? మంచిదైతే తప్పు వీడిది. చెప్పు."

నేను నోరు తెరవకముందే కాపరి అన్నాడు, "మందు మంచిదే. నేను ఒప్పుకుంటా. గొర్రెలు ఎందుకు పొయినాయో నాకు తెలవదు గానీ, కాంపౌండరు మాత్రం తప్పుడు పని చెయ్యడు. ఐదారేళ్లుగా చూస్తా ఉండా."

ఆ మాట నన్ను కాపాడడానికి అన్నాడు. దాంతో తన మెడకు తానే ఉరి బిగించుకుంటున్నాడు. మంచిదే అని నేనొక్క మాట అంటే నా ఉద్యోగం నిలుస్తుంది, నా సాక్ష్యం నిలుస్తుంది, పంచె సిద్ధంగా ఉంది. ఏ ప్రార్థనా నా నోటికి రాలేదు. "మందు మంచిది కాదు" అన్న నా గొంతు నాకే వినిపించింది. "ఐసు కరిగిపోయింది. మందు వెచ్చబడింది. చూసి కూడా వేశాను."

 కాపరి తల ఎత్తాడు. "ఏ పొద్దు?"

"నువ్వు నన్ను కూర్చోబెట్టి అడిగిన పొద్దు."

"మనం మాట్లాడతా ఉంటే కరిగిందా?"

"అవును."

"మూడు మందలకూ అదే వేసినావా?"

"అదే."

 "నా సంగతి పోనీలే" అన్నాడు మెల్లగా. "వాళ్లేమన్నా నిన్ను కథ చెప్పమన్నారా?"

నాలుగేళ్లుగా అడుగుతున్న ప్రశ్న అది. మాటలు మారాయి, అంతే. నేను ఒక్కడి కోసం వెళ్లాను. మిగతావాటిని ఎవరికి అప్పజెప్పి వెళ్లాను? ఈ ముక్క అప్పుడే తోచిందో, తరువాత బస్సులో తోచిందో గుర్తు లేదు. అన్న నా మీదికి వచ్చాడు, ఎవరో పట్టుకున్నారు. "నీ కథకు మా గొర్రెలు బలైపొయినాయి గదరా!" అని ఒకటే కేకలు. నేను సైకిలు తోసుకుంటూ వచ్చేశాను.

నేను ఒప్పుకున్నందుకు కాపరి నిర్దోషి అయ్యాడా అంటే, అదీ పూర్తిగా కాలేదు. "కాంపౌండర్ని కూర్చోబెట్టుకున్నది ఎవురు? నువ్వే గదా" అని కాపరి అన్న మళ్లీ పట్టుకున్నాడట. చివరికి ఆయన ఆ ఏటి పొట్టేలు, వచ్చే ఏటి పొట్టేలు కలిపి గంగమ్మకు ఇచ్చాడు. మంద కలుపుకున్నారు. ఆ కబురు విని నేను ఏడ్చాను. ఆయన మంద నిలిచినందుకో, ఆయన వెనక్కి పోయినందుకో నాకే తెలియదు.

డాక్టరుగారికి కోపం వచ్చింది, న్యాయమే. పై ఆఫీసుకు కాగితం వెళ్లింది. నన్ను ఆత్మకూరుకు మార్చారు. అక్కడ మందలకు పంపవద్దని, ఆసుపత్రిలోనే కట్లు కట్టే పని ఇవ్వమని రాశారట.

బయలుదేరే రోజు పొద్దున్నే కొండ కిందికి వెళ్లాను. క్షమించమని అడుగుదామని రెండు మూడు మాటలు కూడబలుక్కుని వెళ్లాను. పదకొండున్నరకు బస్సు.

కాపరి దొడ్డి కంప కొంచెమే తెరిచి, గొర్రెలను ఒక్కొక్కటే బయటికి వదులుతూ లెక్కపెడుతున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. లెక్క అయిపోయింది. మళ్లీ ఒకసారి మందలోకి చూశాడు. మొహం మారింది.

"చుక్క గొర్రె లేదు" అన్నాడు. "నిన్న దిగేటప్పుడు వెనకబడినట్టుండాది."

చుట్టూ చూశాడు. అన్న మంద, బావమరిది మంద అప్పటికే కొండెక్కాయి. ఆయన భార్య పుట్టింటికి కలిగిరి తట్టు వెళ్లిందట. ఉన్నది నేనొక్కణ్ణి.

చేతిలో కర్ర నా వైపు చాచాడు. "ఈడ్నే ఉండు. పడమటి తట్టు పోనీయబాకు, ఆడ జొన్నచేను ఉండాది."

"అన్నా, నేను..."

"మాటలు తరవాత" అని కొండ మీదికి వెళ్లిపోయాడు.

ఆ మూడు గంటలు నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పని. గొర్రెలకు సూదులు వేయడం తెలుసుగానీ గొర్రెలను కాయడం నాకేం తెలుసు? ఒకటి జొన్న వైపు కదిలితే మంద మొత్తం అటే తిరుగుతుంది. అటు పరిగెత్తితే ఇటు నాలుగు విడిపోతాయి. చెప్పులు తెగాయి. చొక్కా కంపకు చిరిగింది. ఒక పిల్ల కొంచెం మందకొడిగా నిలబడితే నా ప్రాణం పోయింది, పడిపోతుందేమోనని. ఆయన గొర్రెలను చంపిన చేతికే ఆయన కర్ర ఇచ్చాడు. బుద్ధిపూర్వకంగా ఇచ్చాడా? తొందరలో ఇచ్చాడా? పొద్దెక్కుతున్నా ఎడతెగకుండా లెక్కపెడుతూనే ఉన్నాను. బస్సు హారన్ దూరంగా వినిపించింది, వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆయన ఒక్కడే దిగి వచ్చాడు. భుజాల మీద ఏమీ లేదు. కాళ్ల నిండా గీరుకుపోయిన గాట్లు.

"దొరకలా. చల్లబడినాక ఇంకోసారి పోతా" అన్నాడు. కర్ర తీసుకుని ముందు మందను లెక్కపెట్టాడు. రెండుసార్లు పెట్టాడు. నా చిరిగిన చొక్కా వంక చూశాడు. పెదవుల మీద ఏదో కదిలింది, నవ్వో కాదో చెప్పలేను.

"ఆ కథలో గూడా ఇట్టానే అయ్యుంటాది అబ్బయ్యా" అన్నాడు.

అంతకు ముందెప్పుడూ నన్ను అబ్బయ్యా అని పిలవలేదు. క్షమించమని అడిగానో లేదో నాకు గుర్తు లేదు. ఆయన చెంబు నా చేతికి ఇచ్చాడు, తాగాను. సాయంత్రం బస్సుకు ఆత్మకూరు వచ్చేశాను.

ఆత్మకూరులో పాస్టరుగారు ఒకటే అడిగారు, "ఆయన క్షమించాడా? విశ్వాసంలో ఉన్నాడా?" గంగమ్మకు రెండు పొట్టేళ్లు ఇచ్చాడని చెప్పాను. కర్ర నాకు ఇచ్చాడని కూడా చెప్పాను. ఆయన రెండోది విననట్టే ఉన్నారు. తెల్ల పంచె మరో సహోదరుడు కట్టుకున్నాడు. కాపరిని ఒక్కసారి వెళ్లి చూడాలని ఏటేటా అనుకున్నాను. ఏ మొహంతో వెళ్లాలో తెలియలేదు. ఈసారి దాన్ని ఓర్పు అని పిలవలేదు.

ఎనభైల చివర్లో, సోమశిల నీళ్లలో ఊళ్లు పోయిన వాళ్లు పశువులను తోలుకుని ఆత్మకూరు చుట్టుపక్కలకు వచ్చి ఉంటున్న రోజులు. ఆసుపత్రిలో రద్దీ ఎక్కువ. ఒక పొద్దున వరండాలో పొదుగు వాచిన మేకతో ఒకామె, దూడతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. దూడ కాలుకు నేను కట్టు కడుతున్నాను. పెద్దాయన ఊరికే వీధి వైపు చూస్తూ కంగారు పడుతున్నాడు.

"ఏంది పెద్దాయనా, అట్టా నిలకడ లేకుండా ఉండావు?" అంది ఆమె.

"బర్రెల్ని వదిలేసి వచ్చినా అమ్మా. ఏ చేలో పడతాయో."

"దీనికోసం వస్తివి సరే, వాటిని ఎవురికి అప్పజెప్పినావు?"

"ఎవురికీ లే."

"నీకు ఆ గొర్రెల కథ తెలవదా ఏంది?" అని ఆమె మొదలుపెట్టింది. "నూరు గొర్రెలున్నోడికి ఒకటి తప్పిపోయిందంట. వాడు మిగతావి ఊరికే వదిలి పోలా. ఒకడి చేతికి కర్ర ఇచ్చి పొయినాడు. ఆ ఒకడు ఎవురో తెలుసా? ముందు ఎవుడి చేతి మీద గొర్రెలు చచ్చినాయో, వాడే."

"బుద్ధుండాదా ఆ కాపరికి!" అన్నాడు పెద్దాయన.

"ఎందుకు లేదు? ఒకసారి పోగొట్టినోడు రెండోసారి కన్ను ఆర్పడు. అందుకే ఇచ్చినాడు."

నా చేతిలో గుడ్డ ముడి జారిపోయింది. మళ్లీ బిగించి, ఆమె వంక చూడకుండానే అడిగాను. "ఎవరు చెప్పారమ్మా నీకీ కథ?"

"మా పుట్టింటి తట్టు, ఉదయగిరి కొండ కింద, ఒక పెద్దాయన చెప్తా ఉండేవాడు సారూ. ఎవురి గొర్రె తప్పినా చెప్పేవాడు. ఆయన పొయ్యి రెండేళ్లాయ."

దూడ తాడు పెద్దాయన చేతికి ఇచ్చాను. "ఆయన ఏ దేవుణ్ణి మొక్కేవాడమ్మా?"

"ఏమో సారూ. గంగమ్మకు పొట్టేలు ఇచ్చేవాడు. పొద్దున మందను వదిలేముందు కండ్లు మూసుకోని ఏందో అనుకునేవాడు గూడా. ఏమనుకుంటాడని ఎవురు అడిగినారు?" మేకను దగ్గరికి లాక్కుంటూ ఆమె నా మొహంలోకి చూసింది. "ఏం సారూ, నువ్వు ముందే విన్నావా ఈ కథ?"

"విన్నానమ్మా. చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ నేను చదివిన దాంట్లో ఆ రెండో మనిషి లేడు."

ఆమె జాలిగా తల ఊపింది.

"అట్టయితే నీకు సగమే చెప్పినారు సారూ" అంది.